మార్నింగ్ షోకు ఆడవాళ్ళు రారు

జూన్ 1, ఆదివారం

ఈయన మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చోవడానికి ఆరు రోజులూ ఆ వెలిసిపోయిన బూడిదరంగు చొక్కాలే సరిపోతాయి. ఆదివారం మాత్రం తెల్లది కావాలి. సుబేదారిలో సాంబయ్య ఇంటి మేడ మీద, తలుపులు మూసుకుని, గోడ మీద పాత కౌబాయ్ సినిమాలు చూడడానికి ఇంత ముస్తాబు ఎందుకో నాకు తెలియదు. చీకట్లో కాలరు ఎవరు చూస్తారు?

సాంబయ్యకు కరెంటాఫీసులో రిటైరయ్యాక పట్టిన పిచ్చి ఇది. ప్రొజెక్టరు కొన్నాడు, చిన్ననాటి దోస్తులను పోగేశాడు, దానికి మార్నింగ్ షో అని పేరు పెట్టాడు. పదిన్నరకు మొదలు, ఒంటిగంటకు ఖతం, ఆ కాలంలో టాకీసులో ఎట్లా నడిచిందో అట్లాగే.

మురుకులు ఒక డబ్బా నింపి ఇచ్చాను. ముసలి పళ్ళకు గట్టివి పడవని సన్నగా వత్తాను.

జూన్ 2

నిన్న ఒక సంగతి రాయడం మరిచిపోయాను. మరిచిపోలేదు, రాయలేదు.

డబ్బా ఖాళీగా రాలేదు. కడుగుదామని మూత తీస్తే అందులో వాము వేసిన చేగోడీలు. ఇచ్చిన డబ్బాను వట్టిగా తిప్పి పంపకూడదని మగవాళ్ళకు తెలియదు. సాంబయ్యకు అసలే తెలియదు. వాళ్ళావిడ కూతురి కాన్పు కోసం కరీంనగర్ వెళ్ళి ఇంకా రాలేదు. అంటే ఆ మేడ మీద ఒక ఆడమనిషి ఉంది.

అడిగాను. పప్పన్నం కలుపుతూ తలెత్తకుండా చెప్పారు.

"కమల మేడం చేసింది. కాలేజీల ఇంగ్లీషు చెప్పెటిది, రిటైరైంది. ఆమె గూడ వస్తది."

ఆమె గూడ వస్తదట. ఏదో కరెంటు బిల్లు వచ్చిందని చెప్పినట్టు చెప్పారు.

చేగోడీలు గుల్లగా బాగున్నాయి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు. రెండు తిని, మిగతావి పనిచేసే బక్కమ్మకు ఇచ్చేశాను.

జూన్ 4

కుళ్ళు అనుకోవడానికేమీ లేదు. నాకు యాభై ఎనిమిది, ఆయనకు అరవై రెండు. షుగరు, మోకాళ్ళ నొప్పి, రాత్రి గురక. తీసుకుపొమ్మన్నా ఎవరు తీసుకుపోతారు ఈ మనిషిని. నా బాధ అది కాదు.

పెళ్ళయిన కొత్తలో, ఆయన ఆదివారం పొద్దున సైకిలు తీస్తుంటే నేనూ వస్తానని అడిగాను. "మార్నింగ్ షోకు ఆడోళ్ళు రారు" అన్నారు. నిజమే, రారు. మార్నింగ్ షో అంటే ఇంగ్లీషు పిక్చరు. ఒక వారం గుర్రాలూ తుపాకులూ అయితే, ఇంకో వారం పేరు చెప్పడానికి సిగ్గుపడే పిక్చరు. రెండింటికీ అదే బోర్డు, అదే గేటు. ఆ గేటు ముందు ఆడపిల్ల నిలబడిందంటే సాయంత్రానికి బజారంతా తెలిసేది. అందుకే సరే అన్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మరి కమల మేడం ఎవరు? ఆమె ఆడది కాదా?

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. ఇంగువ బెల్లం ఉండ నోట్లో వేసుకుని, నమిలీ నమలకుండానే స్కూటరెక్కారు. నేను డబ్బా ఇవ్వలేదు. ఏదీ అని అడిగారు. అక్కడ చేసేవాళ్ళు ఉన్నారు కదా అన్నాను. అవును కదా అని వెళ్ళిపోయారు. ఈ మనిషికి ఎత్తిపొడుపు కూడా అర్థం కాదు.

ఇల్లు ఖాళీగా ఉంది. కొడుకు వినయ్ స్నేహితుడి పెళ్ళికి పోయాడు, కోడలు దీప్తి గదిలో లాప్‌టాప్ ముందు ఉంది. కూర్చుంటే పాతవన్నీ గుర్తుకొస్తున్నాయి.

ఆ రోజుల్లో ఒంటిగంట దాటాక సైకిలు బెల్లు వినబడేది. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేవారు. నేను వడ్డిస్తూ తలుపు పక్కన నిలబడేదాన్ని. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక కథ మొదలయ్యేది. ఎడారిలో ఒక ఊరట, ఆ ఊరికి ఒక మనిషి వచ్చాడట. చేతిలో ముద్ద అట్లాగే ఉండేది, ఎడమచేతి రెండు వేళ్ళూ తుపాకీ అయ్యేవి. పెద్ద కుటుంబం మాది. అత్తయ్య, మామయ్య, ఇద్దరు మరుదులు. పగటిపూట మొగుడూ పెళ్ళాం నిలబడి మాట్లాడుకుంటే తప్పు. కానీ అన్నం పెడుతూ సినిమా కథ వింటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. వారమంతటిలో ఆయన గొంతు నా కోసం వినిపించేది ఆ కాసేపే.

పిక్చర్ల పేర్లు ఇంగ్లీషులో ఉండేవి, నాకు పలకరాదు. మేమే పేర్లు పెట్టుకున్నాం. మూగ షెరీఫ్ పిక్చరు. బావి పిక్చరు.

బావి పిక్చరు నాకు అన్నిటికన్నా ఇష్టం. కరువు ఊళ్ళో ఒంటరి ఆడమనిషికి ఒక బావి ఉంటుంది. ఊరి పెద్ద దాన్ని లాక్కోవాలని చూస్తాడు. కుంటి గుర్రం మీద ఒక బాటసారి వచ్చి ఆమె పక్షాన నిలబడతాడు. చివర ఊరి పెద్దను చంపాక అతను వెళ్ళిపోవాలి. గుర్రం మీద జీను కట్టేశాడు కూడా. ఆమె ఒక చెంబెడు నీళ్ళు ఇస్తుంది. తాగి, ఇట్లాంటి నీళ్ళు నాకు ఇంకెక్కడ దొరుకుతాయి అని, జీను విప్పి ఆమె అరుగు మీద పెడతాడు. అంతే. ఆ రోజు నేను చారు గిన్నె పట్టుకుని ఏడ్చాను. అత్తయ్య చూసి, పొగ పడిందా అని అడిగింది.

జూన్ 11

దీప్తిని ఊరికే అడిగినట్టు అడిగాను, ఈ కౌబాయ్ సినిమాలు టీవీలో వస్తాయా అని. దాని కళ్ళు గుండ్రంగా అయ్యాయి.

"అత్తమ్మా, మీరు కౌబాయ్ సినిమాలు చూస్తరా?" అంది.

మళ్ళీ ఇప్పుడు అవే నడుస్తున్నాయట. పశువుల కొట్టాలూ భూముల తగాదాలతో సీరియళ్ళు వస్తున్నాయట. దాని స్నేహితురాలు పెళ్ళికి ముందు ఫోటోలు టోపీలు పెట్టుకుని క్వారీలో దిగిందట. నాకు నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు తెలుగు హీరోలే టోపీలు పెట్టుకుని నిధి కోసం గుర్రాల మీద కొట్టుకునేవాళ్ళు. అవి ఆడవాళ్ళమూ చూశాం, నాన్న తీసుకెళ్ళాడు. ఆ మోజు పోయాక గుర్రాలు ఇంగ్లీషు మార్నింగ్ షోలోకి వెళ్ళి దాక్కున్నాయి. కొన్నాళ్ళకు అక్కడా ఆ రెండో రకం పిక్చర్లే మిగిలాయి. తెలిసినవాళ్ళు చూస్తే దుకాణం పరువేం కావాలని ఈయన వెళ్ళడం మానేశారు.

ఆయన మానేయడంతో కథలూ ఆగిపోయాయి. తర్వాత మేము మాట్లాడుకున్నవి స్కూలు ఫీజులు, బియ్యం, బీపీ గోలీలు.

దీప్తి తెలుగులో మాట్లాడే పాత కౌబాయ్ సినిమాలు వెతికి పెట్టింది. రిమోట్‌లో ఏ బొత్తాం నొక్కాలో చూపించింది.

జూన్ 14

మధ్యాహ్నాలు చూస్తున్నాను. దుమ్ము, గుర్రాలు, మాటలు తక్కువ. మగవాళ్ళకు ఎందుకు నచ్చుతాయో తెలిసింది. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు, గుర్రమెక్కి పోవచ్చు.

జూన్ 15, ఆదివారం

జుట్టుకు రంగు వేసుకోండి అని నేను ఏళ్ళ తరబడి మొత్తుకుంటే వినని మనిషి, నిన్న కటింగుకు వెళ్ళి వేయించుకుని వచ్చారు.

బాగుందా అని అడిగారు. చెవుల మీద అంటింది తుడుచుకోండి అన్నాను.

జూన్ 18

ఈరోజు బావి పిక్చరు దొరికింది. కుంటి గుర్రం కనబడగానే కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నాను. ఇన్నేళ్ళూ మనసులో చూసుకున్నది కళ్ళ ముందు నడుస్తోంది. ఆడమనిషి నేను అనుకున్నంత అందంగా లేదు, కానీ బావి అట్లాగే ఉంది.

చివర ఊరి పెద్ద చచ్చాడు. బాటసారి జీను కట్టాడు. ఆమె బావి దగ్గర నిలబడింది. నీళ్ళు ఇవ్వలేదు. అతను అడగలేదు. గుర్రమెక్కి వెళ్ళిపోయాడు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆమె ఒక్కతే నిలబడి ఉండగా సినిమా అయిపోయింది.

రెండోసారి వేసి చూశాను. మళ్ళీ వెళ్ళిపోయాడు.

అంటే నాకు అబద్ధం చెప్పారు. పెళ్ళయి ఏడాది తిరగని పిల్లను, ఏం చెప్పినా నమ్ముతుందని. దీంట్లో అబద్ధం చెప్పిన మనిషి ఇంకా ఎన్నింట్లో చెప్పాడో.

దుకాణం నుంచి రాగానే అడిగాను. బావి పిక్చరు చివర అతను వెళ్ళిపోతాడట కదా అని.

"ఏం బావి పిక్చరు?" అన్నారు.

నాకు చెప్పారు కదా, కుంటి గుర్రం, జీను విప్పి అరుగు మీద పెట్టాడని, అన్నాను.

"చెప్పిన్నా? యాది లేదు యమునా" అని చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు.

జూన్ 19

యాది లేదట.

జూన్ 22, ఆదివారం

వెళ్ళారు, వచ్చారు. ఈ మధ్య ఈ ఇంట్లో ఉప్పు కన్నా ఎక్కువ వాడుతున్న మాట కమల మేడం. గుర్రానికి నాడా ఎట్లా కొడతారో కమల మేడం చెప్పిందట. షెరీఫ్ అంటే మన ఎస్సై లాంటివాడు కాదట, ఓట్లేసి గెలిపించుకుంటారట, అదీ కమల మేడమే చెప్పిందట. దీప్తికి చెబుతున్నారు ఇవన్నీ. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను.

ఇంతకాలం నేను అనుకున్నది వేరు. ఆయనకు కథలు చెప్పే వయసు పోయిందనుకున్నాను. అందరికీ పోతుంది కదా అని సర్దుకున్నాను. పోలేదు. ఆ ముద్ద పట్టుకున్న చెయ్యి, ఆ తుపాకీ వేళ్ళు, ఇప్పుడు సుబేదారిలో ఆమె ముందు ఆడుతున్నాయి. చదువుకున్న మనిషి, ఇంగ్లీషు తెలిసిన మనిషి, చేగోడీలు గుల్లగా చేసే మనిషి.

నా బాధ ఆమె ఆయన్ని తీసుకుపోతుందని కాదు. నాకు దొరికిందనుకున్నది అసలు నాకోసం కాదేమో అని. ఎవరు వడ్డిస్తే వాళ్ళకే చెప్పేవారేమో. అందుకే యాది లేదేమో.

జూన్ 29, ఆదివారం

తలనొప్పి. రాయను.

జూలై 5

రేపు తొలి ఏకాదశి. పేలాలు దంచి బెల్లం కలిపాను. పిండి ఎక్కువే చేశాను.

ఈయన పడక కుర్చీలో కూర్చుని ఫోనులో సాంబయ్యతో మాట్లాడి, నావైపు తిరిగి చెప్పారు. "నువ్వు అడిగినవ్ గద, ఆ బావి పిక్చరు. దొరికిందట. రేపు అదే ఏస్తాన్రు."

నేను అడిగిన పిక్చరు, ఆమెతో కూర్చుని చూస్తారట.

జూలై 6, తొలి ఏకాదశి

వెళ్ళాను.

ఆయన స్కూటరు సందు మలుపు తిరిగేదాకా చూసి, పట్టుచీర కట్టుకున్నాను. పండగ కదా, ఎవరైనా అడిగితే గుడికి అని చెప్పొచ్చు. పేలాల పిండి డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఏమనాలో అనుకుంటూ కూర్చున్నాను. ఆడవాళ్ళు రారన్నారు కదా, వచ్చాను చూడండి అని మొదటి మాట. రెండో మాట ఆమెతో. అది ఇక్కడ రాయను.

మెట్లెక్కేసరికి సినిమా నడుస్తోంది. తలుపు తోశాను. ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురైదుగురు బట్టతలల ముసలివాళ్ళు. ఈయన ముందు వరసలో ఉన్నారు. కమల మేడం పక్కన కుర్చీలో లేదు. గోడ పక్కన నిలబడి ఉంది, చేతిలో రిమోటు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ముతక నేత చీర. బొమ్మ ఆపుతోంది, వాళ్ళు ఇంగ్లీషులో ఏమనుకున్నారో తెలుగులో చెబుతోంది, మళ్ళీ నడుపుతోంది. ఈయన ఒకటో తరగతి పిల్లాడిలా నోరు తెరుచుకుని వింటున్నారు. కథ చెప్పడం లేదు. చెప్పించుకుంటున్నారు.

సాంబయ్య నన్ను చూసి లేచాడు. లైటు వేశాడు. ఈయన మొహం చూడాలి, పరీక్షలో చీటీతో పట్టుబడ్డట్టు ఉంది.

"రా వదినె, కూసో" అన్నాడు సాంబయ్య. "మా ఇజ్జత్ ఎట్లాగూ పాయె. అప్పట్ల మాకు ఒక్క ముక్క సమజ్ కాలే. గుర్రాలు ఉరుకుడు చూసి వచ్చెటోళ్ళం. గిప్పుడు మేడంతోని చెప్పించుకుంటానం. ఇంట్ల చెప్పద్దని అందరం ఒట్టేసుకున్నం."

ఈయన నేల చూస్తున్నారు. ఇంటి దగ్గర ఇన్నాళ్ళూ దాచింది ఇదా. ఆమెను కాదు, ఇంగ్లీషు రాకపోవడాన్ని. నాకు మాత్రం ఇంగ్లీషు వచ్చా ఏమిటి?

ఆయన పక్కన కూర్చున్నాను. సినిమా చివరికి వచ్చింది. బాటసారి జీను కట్టాడు, ఎక్కాడు, వెళ్ళిపోయాడు. ముసలివాళ్ళంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఇది మేము చూడలేదు అన్నాడు ఒకాయన. చూడలేదు అని ఇంకొకాయన. అప్పుడు సాంబయ్య నవ్వాడు. ఎట్లా చూస్తాం, ఆ టాకీసులో మ్యాటినీకి జనం గేటు తోస్తుంటే ఆఖరి రీలు వేయకుండానే లైట్లు వేసేవాళ్ళు కదా అన్నాడు. ఇంగ్లీషు పిక్చరు ఎక్కడ అయిపోయిందో ఎవరికి తెలుసు, ఎవరూ గొడవ చేసేవాళ్ళు కాదట. సైకిళ్ళెక్కి, ఎవడికి తోచిన ముగింపు వాడు అనుకుంటూ పోయేవాళ్ళట.

మరి ఈ పిక్చరుకు మీరేం అనుకున్నారు అని కమల మేడం అందరినీ అడిగింది. ఒకరికీ గుర్తు లేదు. ఈయనకూ లేదు. తల గోక్కున్నారు.

నేను చెప్పాను. లేచి నిలబడలేదు, కూర్చునే చెప్పాను. చెంబెడు నీళ్ళు, ఆ మాట, జీను విప్పి అరుగు మీద పెట్టడం. నాకు ఎట్లా చెప్పారో అట్లాగే చెప్పాను. ఎడమచెయ్యి దానంతటదే లేచింది. మా ఆయన అన్నం తింటూ చెప్పారు అన్నాను చివర.

కమల మేడం కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"మా ఆయన గూడ గా హాల్లనే చూసెటోడు" అంది. "పొయినంక ఏడేండ్లాయె. ఇంటికొచ్చి అన్నం తిని పండుకునేటోడు. ఎట్లుంది పిక్చరంటె, మంచిగుంది అనెటోడు. గంతే. ఆయన ఏం చూసిండో తెల్సుకుందామనే నేనీడికి వస్తాన్న."

తర్వాత ఈయనవైపు చూసింది, నావైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నెల రోజులుగా అద్దంలో చూస్తున్నదే. ఇది నేను రాయకూడదు, పండగ పూట అసలే రాయకూడదు. కానీ నా కడుపు చల్లబడింది. ఆమె చేతిలో పేలాల పిండి పెట్టాను, కొంచెం ఎక్కువే పెట్టాను.

వచ్చేటప్పుడు స్కూటరు మీద ఈయన వెనక కూర్చున్నాను. హన్మకొండ చౌరస్తా దాటాక అన్నారు.

"ఎవలకు చెప్పిన్నో గని, మంచిగ చెప్పిన్న."

ఒక పిల్లకు చెప్పారు లెండి అన్నాను. ఆ పిల్ల నేనేనని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అయినా చారు గిన్నె పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డ ఆ ఇరవై ఏళ్ళ దాని మీద నాకు పుట్టిన కుళ్ళు, కమల మేడం మీద కూడా పుట్టలేదు. టాకీసు నుంచి ఇంటిదాకా సైకిలు తొక్కుతూ ఒకడు ఆ పిల్ల కోసం ముగింపు వెతుక్కుంటూ వచ్చాడు. అది ఆమెకు తెలియను కూడా తెలియదు.

జూలై 10

కమల మేడం ఫోను చేసింది. అట్లాంటి కథలు ఇంకా ఉన్నాయా, ఉంటే ఒకరోజు వచ్చి కూర్చుని వింటానంది. గొంతు మంచిది, మర్యాదగల మనిషి.

లేవు మేడం, అదొక్కటే గుర్తుంది అన్నాను.

అన్నీ గుర్తున్నాయి. ఆమెకు ఇంగ్లీషు ఉంది, రిమోటు ఉంది, సినిమాలన్నీ చివరిదాకా ఉన్నాయి. నా దగ్గర ఉన్నవి ఇవే. ఇవ్వను.

జూలై 13, ఆదివారం

పొద్దుటి నుంచి ముసురు. సుబేదారిలో కరెంటు లేదని సాంబయ్య ఫోను చేశాడు, షో లేదు. ఈయన పాత బూడిదరంగు చొక్కాలోనే ఇంట్లో తిరిగారు.

అన్నం పెట్టాను. ఇప్పుడు పీటలు లేవు, బల్ల దగ్గరే. నేను నిలబడలేదు, ఎదురుగా కూర్చున్నాను. ఆయన మొదటి ముద్ద కలిపి ఆగారు. ఇంకోటి ఏదో ఉండేది కదా, అదీ చెప్పు అన్నారు.

మూగ షెరీఫ్ పిక్చరు చెప్పాను. అప్పట్లో ఆయన చెప్పిన దాంట్లో షెరీఫ్ పగ తీర్చుకుని తిరిగి వస్తాడు, అన్నాళ్ళూ ఇంట్లో ఎదురుచూసిన భార్య తలుపు తీస్తుంది. అక్కడిదాకా వచ్చి నేను మార్చేశాను. షెరీఫ్ బయలుదేరిన రోజే ఆమె కొట్టంలోంచి రెండో గుర్రం విప్పుకుని వెనకాలే వెళ్ళిందని చెప్పాను. కాల్పుల్లో సగం ఆమెవేనని చెప్పాను. ఇద్దరూ ఒకే దారిన తిరిగి వచ్చారని చెప్పాను.

ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నారు. "అప్పుడు గూడ గిట్లనే చెప్పిన్నా?" అని అడిగారు.

గిట్లనే చెప్పిన్రు అన్నాను.